డి ఎక్కడిది, ఎఫ్ ఎక్కడికి?

అంబాసిడర్ కారుకి ఒక వింత సుగుణం ఉంది. 1950ల చివర్లో బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో మొదలై 2014లో ఆగిపోయేదాకా దాని ఒంటి తీరు పెద్దగా మారలేదు. అందుకే అరవైల నాటి బండికి తొంభైల నాటి సామాను కాస్త అటూ ఇటూ సర్ది బిగించేస్తారు. బోల్టు ఎక్కుతుంది, బెల్టు తిరుగుతుంది, బానెట్ మూసుకుంటుంది. కరెంటు మాత్రం ఈ సర్దుబాటుకి ఒప్పుకోదు. డైనమో ఒక తరానిది, రెగ్యులేటర్ ఇంకో తరానిది, వైరింగేమో నలుగురైదుగురు మెకానిక్‌ల చేతులు మారింది. అలాంటి బండి బ్యాటరీ నాలుగు రోజులకోసారి డౌన్ అవుతుంది. యజమాని కొత్త బ్యాటరీ కొంటాడు. అదీ డౌన్ అవుతుంది.

ఈ చిక్కు విప్పే విద్య మన దగ్గర ‘సెల్ఫ్ – డైనమో వర్క్స్’ అని బోర్డు కట్టుకున్న కొట్లది. విజయవాడ ఆటోనగర్‌లోనూ ఉన్నాయి, చిన్న ఊళ్లలో బస్టాండు వెనక సందుల్లోనూ ఉన్నాయి. కొత్త బండ్లలో డైనమో అన్నదే లేకుండా పోయినా బోర్డు మీద ఆ మాట చెరగలేదు. ఆ కొట్లలో పాత పనితనం ఉన్నవాళ్లు పాటించే పద్ధతి ఒక్కటే: వైరు రంగును నమ్మరు, అది చేసే పని ఏమిటో కనుక్కుంటారు. లూకాస్ కంపెనీ పెట్టిన రంగుల కట్టుబాటు నిజానికి చక్కనిది. గోధుమరంగు నేరుగా బ్యాటరీది, తెలుపు కీ తిప్పాక వచ్చే లైను, ఆకుపచ్చ ఆ లైనే ఫ్యూజు దాటాక, నలుపు ఎర్త్. కానీ ఎప్పుడో ఒక రాత్రి హైవే పక్కన ఎవరో చేతిలో ఉన్న ఎర్ర వైరుతో పని కానిచ్చి ఉంటారు. ఆ తర్వాత పుస్తకంలోని డయాగ్రం ఒక దారి, బండి ఒక దారి.

పనిలో మొదట చూడాల్సింది బ్యాటరీ. ఏ పోల్ బాడీకి కలిసింది? అరవైల మధ్య వరకూ చాలా బ్రిటిష్ బండ్లలో ప్లస్ బాడీకి ఉండేది. డైనమోకి దీంతో పేచీ లేదు, ఎటు కావాలంటే అటు పనిచేస్తుంది. దిశ మార్చాలంటే ఎఫ్ వైరు ఊడదీసి, బ్యాటరీ లైవ్‌ను ఒక్క క్షణం డైనమో ఎఫ్ టెర్మినల్‌కి తాకిస్తే సరి, లోపలి ఇనుములో మిగిలే అయస్కాంతం తిరగబడుతుంది. ఆల్టర్నేటర్ అలా కాదు. బ్యాటరీ తిరగేసి కలిపితే దాని డయోడ్లు అక్కడికక్కడే కాలిపోతాయి.

డైనమో బతికేదే ఆ మిగులు అయస్కాంతం మీద. ఆర్మేచర్ తిరగ్గానే ఒకటి రెండు వోల్టులు పుడతాయి. అవి ఫీల్డ్ కాయిల్‌కి వెళ్లి అయస్కాంతాన్ని బలపరిస్తే ఇంకొన్ని వోల్టులు. లావు టెర్మినల్ డి నుంచి కరెంటు బయటికొస్తుంది, సన్నది ఎఫ్ ద్వారా ఫీల్డ్‌కి అందుతుంది. ఎంత అందాలో తేల్చేది రెగ్యులేటర్ పెట్టె. మెకానిక్‌లు ఆ పెట్టెను మొత్తంగా కటౌట్ అనేస్తారు గానీ లోపల చుట్టలు రెండు. ఒకటి వోల్టేజీని అదుపులో పెడుతుంది. రెండోది అసలు కటౌట్: సుమారు 13 వోల్టులు వచ్చాకే బ్యాటరీకి దారి తెరుస్తుంది, వోల్టేజీ పడిపోతే మూసేస్తుంది. లేకపోతే ఇంజన్ ఆపగానే బ్యాటరీ కరెంటంతా డైనమోలోకి వెనక్కి పారుతుంది.

తప్పు డైనమోదా, పెట్టెదా తేల్చడానికి లూకాస్ పరీక్ష సులువు. రెండు వైర్లూ ఊడదీసి, డి, ఎఫ్‌లను చిన్న తీగతో కలిపి, అక్కడి నుంచి బాడీకి మీటర్ పెట్టి, ఇంజన్ వేగం నెమ్మదిగా పెంచాలి. ముల్లు సాఫీగా పైకెక్కాలి, 20 దాటనివ్వకూడదు. అసలు కదలకపోతే బ్రష్‌లు చూడండి. ఒక వోల్టు దగ్గరే ఆగితే ఫీల్డ్, నాలుగైదు దగ్గర ఆగితే ఆర్మేచర్.

ఇదే పరీక్ష పాత విల్లీస్ జీపు ఆటోలైట్ డైనమో మీద చేస్తే బాగున్నదీ చచ్చినట్టే కనిపిస్తుంది. దాని ఫీల్డ్ రెండో కొస లోపల ఆర్మేచర్‌కి కలిసి ఉంటుంది. రెగ్యులేటర్ ఎఫ్‌ను ఎర్త్ చేస్తేనే కరెంటు పుడుతుంది. లూకాస్‌లో ఆ కొస లోపలే ఎర్త్ అయి ఉంటుంది, కరెంటు బయటినుంచి అందించాలి. రెండిటి మీదా ఎఫ్ అనే రాసి ఉంటుంది, పనులు మాత్రం తలకిందులు. ఒకదాని పెట్టె ఇంకొకదానికి కలిపితే ఛార్జింగ్ రాదు, లేదా పాయింట్లు కాలతాయి. అక్షరం చూసి వైరు బిగించేవాడికి ఇది ఎన్నటికీ అంతుపట్టదు.

ఇక అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే రకం: డైనమో తీసేసి ఆల్టర్నేటర్ పెట్టి, పాత పెట్టెను లైనులో అలాగే వదిలేసిన బండి. ఆల్టర్నేటర్‌కి ఆ పెట్టెతో పని లేదు. డయోడ్లే కరెంటును వెనక్కి రానివ్వవు, రెగ్యులేటర్ కూడా దాని కడుపులోనే ఉంటుంది. అందుకని పెట్టె దగ్గర ఎ, ఎ1, డి లావు వైర్లు మూడిటినీ ఒకచోట కలిపేస్తారు. సరే. కానీ డి మీద సన్న వైరు ఇంకొకటి ఉంటుంది, డాష్‌బోర్డు మీది ఎర్ర లైటుది. దాన్ని విడదీసి ఎఫ్ నుంచి వచ్చే సన్న వైరుతో కలపాలి, దాని అవతలి కొస ఆల్టర్నేటర్ లాంప్ టెర్మినల్‌కి వెళ్లాలి. మరిచిపోయి లావు వైర్లతోనే కలిపేశారో, తమాషా చూడండి: కీ తిప్పితే లైటు వెలగదు, కీ తీసేస్తే వెలుగుతుంది. రాత్రంతా ఆ బల్బు గుండా కరెంటు కారుతుంది. పొద్దున ఎలాగో స్టార్టయినా ఆల్టర్నేటర్ లేవదు, ఎందుకంటే దానికి తొలి అయస్కాంతం ఇచ్చేది ఆ బల్బు దాటి వచ్చే కొద్దిపాటి కరెంటే. రెండు వాట్ల మామూలు బల్బు తీసేసి ముచ్చటపడి ఎల్ఈడీ పెట్టినా ఇదే గతి పట్టొచ్చు.

లావు వైరు సంగతీ చూడాలి. లూకాస్ సి40 డైనమో ఇచ్చేది 22 ఆంపియర్లు, వైరు దానికి తగ్గదే వేశారు. ఆల్టర్నేటర్ 35, 45 ఇస్తుంది. పాత వైరు, తుప్పు పట్టిన జాయింట్లు కలిసి 0.02 ఓమ్ ఉన్నా, 30 ఆంపియర్ల దగ్గర 0.6 వోల్టు దారిలోనే ఆవిరి. ఆరు చదరపు మిల్లీమీటర్ల కొత్త వైరు వేసుకోవడం దండగ కాదు. అమ్మీటరు ఉన్న బండిలో కరెంటంతా దాని గుండానే పోతుంది, అది తట్టుకోగలదో లేదో ముందే చూడాలి.

డిజిటల్ మీటర్ చేతికొచ్చాక పాత టెస్ట్ బల్బును చిన్నచూపు చూస్తున్నారు. నాకది నచ్చదు. ఒక్క పోగు మీద వేలాడే వైరులోనూ మీటర్ 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే అది కరెంటేమీ లాగదు. ఐదు ఆంపియర్ల దాకా లాగే హెడ్‌లైట్ బల్బు అదే వైరు మీద మసకేసి నిజం చెప్పేస్తుంది. ఎర్త్ తప్పుల్ని పట్టడంలో దాన్ని మించింది లేదు. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కదా, బాడీకి కలిపే అల్లిక పట్టీ ఊడితే సెల్ఫ్ కరెంటు చోక్ కేబుల్ పట్టుకుని వస్తుంది. కేబుల్ వేడెక్కి పొగలొస్తే కార్బురేటర్ విప్పే మహానుభావులున్నారు.

డైనమో తీసేయాల్సిందేనా? ఆదివారం పూట అరగంట తిరిగే బండికి అక్కర్లేదు. అది ఐడ్లింగులో సరిగ్గా ఛార్జింగ్ ఇవ్వదు, నిజమే. కానీ బ్యాటరీ పూర్తిగా పడిపోయినా తోసి కదిలిస్తే తన కరెంటు తాను పుట్టించుకోగలదు. హైదరాబాద్ సిగ్నళ్ల దగ్గర లైట్లు, ఫ్యాను వేసుకుని నిలబడే బండికైతే ఆల్టర్నేటరే మేలు. బ్రిటన్‌లో డైనమో తొడుగులో దాచిన ఆల్టర్నేటర్లు కూడా అమ్ముతారు. చూపుకి పాతది, పనికి కొత్తది. అలాంటిది బిగిస్తే లోపల ఏముందో బానెట్ కింద రాసి అతికించండి, లేదంటే తర్వాత విప్పేవాడు డైనమో అనుకుని ఎఫ్‌కి లైవ్ తాకిస్తాడు.

అన్నీ అయ్యాక ఆల్టర్నేటర్ బండిలో లైట్లు వేసి, ఇంజన్ కాస్త రేజ్ చేసి, మీటర్‌ను బ్యాటరీ పోల్స్ మీదే పెట్టి చూడాలి. 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే పని ముగిసినట్టే. 13 దాటకపోతే వైరులోనో ఎర్త్‌లోనో ఎక్కడో ఇంకా తింటోంది. 15 దాటితే రెగ్యులేటర్ పోయింది, బ్యాటరీ నీళ్లు ఉడుకుతాయి. ఈ అంకె కుదిరేదాకా మాత్రం కొత్త బ్యాటరీ కొనొద్దు.