సిలిండర్ మీద పాట, పడిగె మీద పాట

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండ్ నిలువెత్తు సంగీత గడియారాన్నీ, గోదావరి ఒడ్డు కోయగూడేల్లో డోలి కళాకారులు విప్పే పడిగెనూ పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ పాటను దాచే పనిముట్లే.

సుమారు 1670లో, చక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున వదిలే యాంకర్ ఎస్కేప్‌మెంట్ వచ్చాక దాదాపు మీటరు పొడవున్న లోలకం గడియారాల్లోకి వచ్చింది. దానికీ, కిందికి దిగే బరువులకూ చోటు కావాలి కనుక పెట్టె మనిషిని మించి పెరిగింది. సంగీత గడియారంలో సాధారణంగా మూడు చక్రాల వరసలుంటాయి: సమయం చూపడానికొకటి, గంటలు కొట్టడానికొకటి, పాటకొకటి. పాటంతా ఇత్తడి సిలిండర్ మీద సన్నని మొలలుగా ఉంటుంది. మొల తగిలితే సుత్తి లేస్తుంది, వదిలాకే గంట మోగుతుంది. పనివాడు ఆ వదిలే క్షణాన్ని లెక్కగట్టి మొలలు దించాలి. ఒక్కటి వంగినా తాళం తప్పుతుంది, పాట వచ్చిన ప్రతిసారీ అక్కడే తప్పుతుంది. సిలిండర్‌ను కాస్త పక్కకు జరిపితే మరో పాట. ఆ చేతులకు నేను మనసారా మొక్కుతాను.

పడిగె పొడవాటి గుడ్డ. దాని మీద ఒక్కో గట్టు, అంటే కోయల వంశ సమూహం, వేల్పుల, పూర్వీకుల బొమ్మలు. అందులో స్వరం లేదు, తాళం లేదు. అవి డోలి గొంతులో, చేతిలో ఉన్నాయి. ఏ బొమ్మ దగ్గర ఎంతసేపు నిలవాలో అతనే తేల్చుకుంటాడు. మొలలకు ఆ స్వేచ్ఛ లేదు. కళగా చూస్తే నా మొగ్గు పడిగె వైపే.

మన్నిక దగ్గర మాత్రం గడియారానిదే పైచేయి. వందేళ్లు ఆగిపోయినా, మొలలు సరిగా ఉంటే, తెలిసినవాడు బాగుచేసి తాళంచెవి తిప్పగానే అదే పాట పాడుతుంది. మణుగూరు మండలం కూనవరానికి చెందిన డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య సమ్మక్క, సారలమ్మల కథను డోలు మీద పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. ఆయన గొంతుకు సిలిండర్ లేదు.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో కుక్ అండ్ కెల్వీ గడియారం ముందు జనం గుమిగూడతారు. అది నిలువెత్తు రకం కాదు, బల్ల మీద నిలిపే రకం. బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే ఆ నిమిషం కోసం పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు. దాన్ని నడిపించి ఉంచే మనుషులు ఉన్నారు కనుకనే ఆ సంబరం. పడిగెను మ్యూజియంలో వేలాడదీసేవాళ్లు కూడా అంత శ్రద్ధ చూపాలి: అది ఏ గట్టుదో రాసిపెట్టాలి, ఆ కథ పాడగలిగే డోలిని పిలిచి కూర్చోబెట్టాలి, ఆ పాటకు కూలి కట్టివ్వాలి.