చప్పుడు తగ్గిందని సంబరపడ్డాను

ఇబ్రహీంపట్నంలో పెళ్లి భోజనం ముగించుకుని మీర్‌పేట్ చేరేసరికి రాత్రి పదకొండు దాటింది. బొంగ్లూరు గేటు దగ్గర లారీల వెనక కాసేపు, తుర్కయంజాల్ దగ్గర ఇంకాసేపు నిలబడ్డాం. మా వీధిలో కరెంటు లేదు. బండి ఆపగానే కాలిన ఇనుము వాసన, దాని వెనకే కొంచెం రబ్బరు వాసన. పిల్లల్ని లోపలికి పంపి బానెట్ ఎత్తాను. టార్చి వెయ్యబోయి ఆగిపోయాను. వెయ్యాల్సిన పనే లేదు. ఇంజిన్ పక్కన రేకు కవరు సందుల్లోంచి, కుంపట్లో బొగ్గు ఆరిపోయే ముందు ఉండే ఎరుపు కనిపిస్తోంది.

మూడు సిలిండర్ల పొగను ఒక్కచోటికి చేర్చి సైలెన్సర్‌కు అందించే పోత ఇనుప గొట్టం అది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్. వేడెక్కడం దాని ఉద్యోగం. కానీ ఎర్రబడటం?

డాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లు చూశాను. బుద్ధిమంతుడిలా మధ్యలోనే ఉంది.

నాది 1997 మోడల్ మారుతి 800. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి కారు తాళాలు ఢిల్లీలో హర్‌పాల్ సింగ్‌కు అందించిన నాటి నుంచి 2014 జనవరిలో తయారీ ఆగేదాకా, మధ్యతరగతి ఇళ్ల ముందు దుమ్ము కొట్టుకుంటూ నిలబడ్డ బండి. హైదరాబాద్‌లో కొత్తవి అమ్మడం 2010లోనే ఆపేశారు. 796 సీసీ, మూడు సిలిండర్లు, నాలుగు గేర్లు, నా బండికైతే కార్బురేటర్. బానెట్ ఎత్తితే ఏది ఎక్కడుందో కంటికి తెలుస్తుంది. నాలాంటి అరకొర జ్ఞానులకు అదే ప్రమాదం. ఆ సంగతి తర్వాత చెప్తాను.

మర్నాడు దగ్గర్లోని ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. 'హీటవుతోంది' అన్నాను. ఆ మాట అనడమే తప్పయింది. హీట్ అంటే రేడియేటర్, రేడియేటర్ అంటే నీళ్లు. కూలెంట్ మార్చారు, థర్మోస్టాట్ మార్చారు, ఫ్యాన్ స్విచ్ కూడా మారుద్దామన్నారు. వాళ్లను అనడానికేం లేదు, నేను చెప్పిందానికి వాళ్లు వైద్యం చేశారు. రాత్రి మళ్లీ అదే ఎరుపు.

అప్పుడు మా కాలనీ పెద్దాయన ఒకరు చేయి వేశారు. కంచన్‌బాగ్ ఫ్యాక్టరీల్లో పని చేసి రిటైరైన వాళ్లు మా వైపు చాలామందే ఉన్నారు. 1973లో మొదలైన మిధాని అక్కడే ఉంది. విమానాలకు, రాకెట్లకు వాడే, మామూలు ఇనుము తట్టుకోలేని వేడిని తట్టుకునే లోహాలు తయారయ్యేది అందులోనే. ఈయన కొలిమి రంగు చూసి డిగ్రీలు చెప్పగల మనిషి. 'ఇనుము చీకట్లో కంటికి ఎర్రగా కనపడటం మొదలైందంటే ఐదు వందల డిగ్రీలు దాటినట్టే. బాగా పండిన చెర్రీ రంగుకొస్తే ఏడు వందల పైమాట. పగలు ఈ తొలి ఎరుపు కనపడదు. అందుకే మీ షెడ్డు వాళ్లకు దొరకలేదు' అన్నారు. తుపాకీలాంటి థర్మామీటరు ఒకటి తెచ్చి గురిపెట్టారు. తుప్పు పట్టిన ఇనుము మీద అది నిజమే చెబుతుందట, మెరిసే రేకు మీద మాత్రం అబద్ధమాడుతుందట. నాలుగు వందలు దాటగానే దాని కొలత అయిపోయి చేతులెత్తేసింది. ఇద్దరం నవ్వుకున్నాం. టెస్టింగ్ షెడ్డులో ఇంజిన్‌ను పూర్తి లోడు మీద గంటల తరబడి నడిపితే మానిఫోల్డ్ ఎర్రబడటం వింతేం కాదు, కానీ ఇంటి ముందు ఊరికే స్టార్టింగ్‌లో ఉంచిన బండికి ఆ రంగు రాకూడదు అన్నారాయన.

టీకేఆర్ కమాన్ దాటాక లోపలి సందులో ఒక ఉస్తాద్ ఉన్నాడని చెప్పిందీ ఆయనే. బోర్డు లేదు. చింతచెట్టు కింద తాటిపత్రి కప్పు, ఒక కుర్రాడు, నూనె మరకల బల్ల. నేను నోరు తెరిచేలోపే ఆయన అడిగాడు.

'ఎర్రగ ఎప్పుడైతుంది సార్? నడుస్తుంటెనా, ఆగినంకనా?'

'నడిపి ఆపాక చూశాను.'

'మూడు గొట్టాలు ఎర్రగయితయా, ఒక్కటేనా?'

నాకు తెలియదు. ఎరుపు చూసి భయపడ్డానే గానీ ఆ ఎరుపును చదవలేదు. 'పొద్దుగూకినంక రండ్రి. బండి చల్లగుండాలె' అని పంపేశాడు. పని మానేసి పగలంతా బండి విప్పి కూచోకుండా, చీకటి కోసం ఆగమన్న మెకానిక్‌ను నేను అంతకుముందు చూడలేదు.

సాయంత్రం ఏడింటికి మొదలైంది. రేకు కవరు విప్పించాడు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయించి, నిమిషం ఆగి, గిన్నెలో నీళ్లలో వేళ్లు ముంచి ఒక్కో గొట్టం మీద చుక్కలు చిలకరించాడు. మా అమ్మ దోశ పెనం మీద చిలకరించినట్టే. అదే మణికట్టు, అదే చెవి ఒగ్గడం. మూడింటి మీదా ఒకేలా చుయ్యిమంది. మరో రెండు నిమిషాలకు మళ్లీ చిలకరించాడు. ఈసారి చుక్కలు చుయ్యిమనలేదు, ముత్యాల్లా దొర్లి కిందికి జారిపోయాయి. పెనం మరీ కాలితే నీటిబొట్టు తన ఆవిరి మీద తానే తేలి పరుగెత్తుతుంది, ఏ వంటింట్లోనైనా చూసేదే. 'మూడూ సమానంగ మండుతున్నయ్. ఒక్కటి సల్లగుంటే ప్లగ్గు, కరెంటు, వాల్వు ఎన్కులాడుదుము. ఇది మూడిటికి కలిసిన రోగం' అన్నాడు. ఎర్రబడ్డాక మాత్రం నీళ్లు పొయ్యొద్దని కుర్రాణ్ని గదిమాడు. పోత ఇనుము పటుక్కున పగులుతుంది.

మూడింటికీ ఉమ్మడిగా రాగల రోగాలు చాలా లేవు. పెట్రోలు తక్కువై గాలి ఎక్కువవడం, పొగ బయటికి పోయే దారి మూసుకుపోవడం, నిప్పురవ్వ ఆలస్యంగా పడటం. మొదటిదానికి ఆయన చేసిన పరీక్ష చూసి నాకు నవ్వొచ్చింది. డాష్‌బోర్డు కింద చోక్ నాబ్ కొంచెం లాగమన్నాడు. గాలి ఎక్కువై బక్కచిక్కిన ఇంజినైతే చోక్ లాగగానే పెట్రోలు అంది తేరుకుంటుంది. నాది తేరుకోలేదు, ముక్కుతూ పడిపోబోయింది. ఒక ప్లగ్గు విప్పి చూశాడు. తెల్లగా సున్నం కొట్టినట్టు లేదు, మసీ లేదు, గోధుమ రంగే. 'పెట్రోల్ బరాబరున్నది.'

రెండోదానికి వెనక్కి వెళ్లి సైలెన్సర్ గొట్టానికి అరచేయి అడ్డం పెట్టాడు. రేస్ ఇమ్మన్నాడు. పొగ ఆయన చేతిని తోసేసింది. ఊపిరి బానే ఆడుతోంది.

పక్కనే ఇంకో చిన్న కారు నిలబెట్టి ఉంది, నా దానికంటే బాగా కొత్తది. దానిదీ ఎరుపు కథేనట, కాకపోతే కిందికి, క్యాటలిటిక్ కన్వర్టర్ దగ్గర. 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు తప్పనిసరి చేసి, ఆ తర్వాత అన్నిచోట్లకూ విస్తరించిన సామాను అది. తేనెపట్టులాంటి పింగాణీ గూడు మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. పొగ ఆ గూళ్లలోంచి పోతూ విషం విరిగి బయటికొస్తుంది. ఒక సిలిండర్‌లో రవ్వ పడక మిస్సింగ్ కొడితే, మండని పెట్రోలు నేరుగా ఆ గూట్లోకెళ్లి అక్కడ మండుతుంది. గూడు కరిగి మూసుకుపోతుంది, పొగ వెనక్కి తన్నుతుంది, వేడంతా పైకి ఎగదన్ని మానిఫోల్డ్‌నూ పట్టుకుంటుంది. ఆ కారు యజమాని ఎక్కడో కొత్త కన్వర్టర్ వేయించుకుని వచ్చాడట. రెండు నెలలు తిరక్కుండా అదీ పోయింది. తప్పు పైన కాయిల్‌లో ఉంటే కింద గూడు మార్చి ఏం లాభం? 'ఆయన ఎర్రగున్నది మార్చిండు' అన్నాడు ఉస్తాద్. అంతే అన్నాడు, వ్యాఖ్యానం చెయ్యలేదు. నా బండికి ఆ గూడే లేదు కాబట్టి ఆ దారి మూసుకుపోయింది.

ఇక మూడోది. నిప్పురవ్వ.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. పిస్టన్ పైకొచ్చి గాలీ పెట్రోలూ అదిమిన క్షణానికి కొంచెం ముందే ప్లగ్గు రవ్వ వెయ్యాలి. ఎందుకంటే మంట అంటుకుని అంతటా పాకడానికి సమయం పడుతుంది. సరిగ్గా పిస్టన్ కిందికి దిగడం మొదలెట్టేసరికి మంట బలం దాని నెత్తిన పడాలి. రవ్వ ఆలస్యమైతే మంటా ఆలస్యమే. పిస్టన్ దిగిపోతున్నా ఇంకా మండుతూనే ఉంటుంది. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకునేసరికి ఆ మంటే బయటికి నడిచొస్తుంది. వంటింట్లో మండాల్సిన కట్టె వసారాలోకొచ్చి మండినట్టు. చక్రాలకు చేరాల్సిన బలం ఇనుముకు ఎక్కుతుంది. బండికి పికప్ పోతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, మానిఫోల్డ్ ఎర్రబడుతుంది. రేడియేటర్ ముల్లు మాత్రం మధ్యలో కూచుని ఏమీ ఎరగనట్టుంటుంది.

ఉస్తాద్, ప్లగ్గులకు రవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్ దగ్గరికొచ్చాడు. కార్బురేటర్ నుంచి దానికొచ్చే సన్న రబ్బరు గొట్టాన్ని ఊడదీసి నోట్లో పెట్టుకుని పీల్చాడు. లోపలి ప్లేటు టిక్కున కదిలింది. నాలుకతో గొట్టం మూసి పట్టుకున్నాడు, ప్లేటు అలాగే నిలబడింది. డయాఫ్రం చిరగలేదు. ఇంజిన్ మీద బరువు తక్కువగా ఉన్నప్పుడు రవ్వను ముందుకు జరిపే ఏర్పాటు అది. అదీ బాగానే ఉంది. అప్పుడు టార్చి తీసుకుని వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

'సార్, ఈ బోల్టు ఎవరిప్పిన్రు?'

నేను పలకలేదు.

'ఇంజినంత జిడ్డున్నది. ఈ ఒక్క బోల్టు మూల మీద పానా జారిన గీత, తళతళ మెరుస్తున్నది. నెల దాటలె.'

మూడు వారాలు. సరిగ్గా లెక్కపెడితే ఇరవై రెండు రోజులు. బైరామల్‌గూడ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజిన్‌లోంచి డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు చప్పుడు వస్తోందని, రవ్వ ముందుగా పడితే అలా నాక్ కొడుతుందని ఎక్కడో విని, ఒక ఆదివారం నేనే ఆ బోల్టు వదులు చేసి డిస్ట్రిబ్యూటర్‌ను కాస్త తిప్పాను. లోపలి రోటర్ ఎటు తిరుగుతుందో అటే డబ్బాను తిప్పితే రవ్వ వెనక్కి జరుగుతుంది, ఎదురు తిప్పితే ముందుకు. నేను వెనక్కి తిప్పాను. ఎంత తిప్పానో నాకే తెలియదు, చప్పుడు పోయేదాకా తిప్పాను. ఆ సాయంత్రం ఫ్లైఓవర్ నిశ్శబ్దంగా ఎక్కాను. ఇంట్లో టీ తాగుతూ రెండుసార్లు చెప్పుకున్నాను కూడా.

మొదటి షెడ్డులో ఈ ముక్క చెప్పలేదు. ఉస్తాద్‌కూ చెప్పలేదు. దాచాలని కాదు, దీనికీ దానికీ సంబంధం ఉంటుందని తోచలేదు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజానికి కొంచెం తోచింది. డాక్టరు దగ్గర సొంత మందు సంగతి దాచే రోగులను గురించి ఇదే కాలమ్‌లో ఒకప్పుడు వెటకారంగా రాసిన వాణ్ని నేను.

'నేనే' అన్నాను.

ఉస్తాద్ తిట్టలేదు. కుర్రాడు మాత్రం అటు తిరిగి నవ్వుకున్నాడు. గేర్‌బాక్స్ మీదున్న చిన్న కిటికీ రబ్బరు మూత తీసి, టైమింగ్ లైటు క్లిప్పు మొదటి ప్లగ్గు తీగకు తగిలించారు. రబ్బరు గొట్టం ఊడదీసి మూశారు. లైటు మిణుకుమిణుకుమంటుంటే తిరుగుతున్న ఫ్లైవీల్ మీది గీత కదలకుండా నిలబడినట్టు కనపడింది, ఉండాల్సిన గుర్తుకు బాగా అవతల. ఉస్తాద్ డబ్బాను బొటనవేలితో అంగుళంలో ఎన్నో వంతు తట్టాడు. గీత జరిగింది. ఇంకొంచెం. గీత గుర్తు పక్కకొచ్చి కూచుంది. అదే క్షణంలో ఇంజిన్ గొంతు మారింది. అప్పటిదాకా ముక్కుతో మాట్లాడుతున్న మనిషి జలుబు వదిలి పలికినట్టు. స్పీడు దానంతటదే పెరిగితే స్క్రూ తిప్పి తగ్గించాల్సి వచ్చింది.

అరగంట అలా నడవనిచ్చాం. చింతచెట్టు కింద లైటార్పి ముగ్గురం వంగి చూశాం. ఎరుపు లేదు. నల్లటి ఇనుము, దాని మీద వేడికి వణుకుతున్న గాలి.

'మరి ఆ చప్పుడు మళ్లీ వస్తుందిగా?' అన్నాను.

'ఫ్లైఓవర్ ఏ గేర్ల ఎక్కుతరు?'

'నాలుగు.'

'ఎందరుంటరు బండ్ల?'

'ఐదుగురం.'

ఆయన చేతులు గుడ్డకు తుడుచుకుంటూ నా వంక చూశాడు. ఆ చూపు అర్థమయ్యేసరికి కొంచెం టైం పట్టింది. ఇరవై ఎనిమిదేళ్ల బండి, ఐదుగురు మనుషులు, ఎత్తు, టాప్ గేరు. మూడులోకి దింపమని ఇంజిన్ ఆ భాషలో అడుగుతుంటే నేను దాని నోరు మూశాను. 'జెర మూడుల ఎక్కియ్యండ్రి సార్, అప్పటికీ కొడ్తే తీస్కరండి, లోపల మసి గీకుదాం' అన్నాడు.

మూడు వందలు తీసుకున్నాడు. కూలెంటుకూ థర్మోస్టాట్‌కూ నేను అంతకుముందు పెట్టింది ఇక్కడ రాయను, ఇంట్లో ఈ కాలమ్ చదువుతారు.

బయల్దేరబోతుంటే ఆగమని, కుర్రాడితో తెల్ల పెయింటు సీసా తెప్పించాడు. బోల్టు గట్టిగా బిగించి, డిస్ట్రిబ్యూటర్ డబ్బా మీంచి అది కూచున్న ఇంజిన్ మీదికి ఒక్క సన్నటి గీత గీశాడు.

'ఇదేంటి?'

'గీత ఇర్గితే ఎవరో తిప్పినట్టు' అన్నాడు. ఎవరో అనడం ఆయన మర్యాద.

మొన్న శుక్రవారం బైరామల్‌గూడ మీద మూడో గేరులో ఎక్కుతుంటే వెనక ఆటో ఒకటే హారన్. పైకి చేరాక డబ్బాలో గులకరాళ్లు రెండే రెండుసార్లు గలగలమన్నాయి. ఇంటికొచ్చి బానెట్ ఎత్తాను. పానాల డబ్బా పక్కనే ఉంది. గీత చూశాను. బానెట్ మూసేశాను.