ఫిరంగి వయసు కోటనడిగితే ఎలా?

గుత్తి వైపు పాత కోటలు తిరిగొచ్చినవాళ్లు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "సార్, బురుజు మీద ఫిరంగి చూశాం. రాయల కాలందేనా?"

కోటలో గోడ కదలదు, ఫిరంగి కదులుతుంది. 1520లో రాయచూరు దగ్గర బిజాపూరు సేన ఓడితే దాని ఫిరంగులు రాయల పరమయ్యాయి. గుత్తినే చూడండి. శాసనాలు చాళుక్యుల నాటివి, మురారిరావు 18వ శతాబ్దపు మరాఠా సర్దారు, తర్వాత హైదర్ అలీ, 1800లో కుంపిణీ.  ఇన్ని చేతులు మారినచోట ఎవరు ఏది వదిలిపోయారో ఎవరికెరుక?

అందుకే నేను ముందు ఫిరంగి ఒళ్లు తడుముతాను. వేళ్లకు అతుకులు తగిలాయంటే కమ్మరి పని. పొడవాటి ఇనుప పట్టీలు వరసగా పేర్చి, బండి చక్రానికి పట్టా ఎక్కించినట్టు ఎర్రగా కాలిన కట్లు తొడిగేవారు. చల్లారేకొద్దీ అవి బిగుసుకుంటాయి. తంజావూరులో మన తెలుగు నాయకుల కాలం నాటి రాజగోపాల బీరంగి ఇలాంటిదే: 43 పట్టీలు, 94 కట్లు, సుమారు 22 టన్నులు. అయితే ఈ పద్ధతి చాలాకాలం నడిచింది కాబట్టి పనితనం తెలుస్తుందే గాని సంవత్సరం తేలదు. అతుకే లేకుండా నున్నటి పోత ఇనుమైతే చాలావరకు ఐరోపా సరుకే. ఇక్కడ పోత అంటే కంచే.

అక్షరాలుంటే అదృష్టమే, కానీ అక్కడా జాగ్రత్త. బిజాపూరు ఫిరంగి మాలిక్-ఎ-మైదాన్‌ను 1549లో అహ్మద్‌నగర్‌లో రూమీ అనే నిపుణుడు పోతపోశాడు. బిజాపూరు గెలిచాక ఔరంగజేబు దాని మీద తన శాసనం చెక్కించాడు. ఆ శాసనాన్నే నమ్మితే నూట ముప్పై ఏళ్లకు పైగా తేడా వస్తుంది.

ఇక కాకతీయుల ఫిరంగి అని ఎవరైనా చూపిస్తే ఒప్పుకోకండి. 1323లో వాళ్ల రాజ్యం పోయేనాటికి దక్కనులో ఫిరంగి పేలిందనడానికి నమ్మదగిన ఆధారం లేదు.

కోటలున్న ఊళ్లవాళ్లకు ఒక మనవి. ఉత్సవాల ముందు ఫిరంగులకు వెండి రంగు పూయకండి. అతుకులూ అక్షరాలూ దాని కింద పూడిపోతాయి. ఫోటో తీసేటప్పుడు పక్కన ఒక స్కేలు పెట్టి మూతి, వెనక కొస, వత్తి రంధ్రం విడివిడిగా తీయండి.