బడి ఫలితమా, ప్రవేశ ఫలితమా? – ఆంధ్రప్రదేశ్ ఓచరు అధ్యయనంపై ఒక పరిశీలన

ప్రవేశిక:

పదవ తరగతి ఫలితాలు వెలువడిన మర్నాడు నెల్లూరు తీరంలోని కోట వంటి చిన్న ఊళ్ళలో బడుల ముందు శాతాలతో ఫ్లెక్సీలు వెలుస్తాయి. నూటికి నూరు సాధించిన బడి మంచిదనీ, డెబ్భై దగ్గర ఆగినది నాసిరకమనీ ఊరు తీర్పు చెప్పేస్తుంది. ఆ శాతం దేనిని కొలుస్తున్నదని అడిగేవారు అరుదు. బడి నేర్పినదెంత, పిల్లలు ఇంటి నుండి తెచ్చుకొన్నదెంత అన్నవాటిని విడదీయకుండా ఒక బడిని మెచ్చుకోవడం గానీ నిందించడం గానీ విమర్శ కాజాలదు. ఈ రెంటినీ వేరు చేయడానికి తెలుగు నేలపై జరిగిన గట్టి ప్రయత్నం కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్‌ల అధ్యయనం. 2015లో క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో అది ప్రచురితమైంది. ప్రత్యేకించి కోటను ఉద్దేశించినది కాకపోయినా, దాని పద్ధతిని ఈ ప్రాంతానికి అన్వయించి చూడవలసిన అవసరం ఉంది.

లాటరీ తేల్చినది:

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాలలో, 180 గ్రామాలలో 2008లో ఈ ప్రయోగం మొదలైంది. ప్రైవేటు బడిలో చదువుకయ్యే ఖర్చును భరించే ఓచర్లకు తల్లిదండ్రులు దరఖాస్తు చేసుకొన్నారు. ముందు గ్రామాలను, ఆపైన దరఖాస్తుదారులను లాటరీ ద్వారా ఎంపిక చేశారు. అమెరికాలో 1991లో మిన్నెసోటా రాష్ట్రం చట్టం చేసిన నాటి నుండి పెరిగిన ఛార్టర్ బడులను, అనగా ప్రభుత్వ ధనంతో నడుస్తూ స్వతంత్ర నిర్వహణలో ఉండే బడులను, అంచనా వేయడానికీ పరిశోధకులు సీట్ల లాటరీనే ఆశ్రయించారు. సీటు వచ్చినవారికీ రానివారికీ మధ్య ఇంటి పరిస్థితిలో సగటున తేడా ఉండదు గనుక, తరువాత కనిపించే తేడాను బడికే ఆపాదించవచ్చు.

మామూలు పోలికలో ప్రైవేటు బడుల పిల్లల మార్కులు మెరుగ్గానే కనబడ్డాయి. లాటరీ పోలికలో ఆ మెరుగు నిలవలేదు. నాలుగేళ్ళ తరువాత తెలుగులోను, గణితంలోను ఓచరు పొందినవారు పొందనివారి కంటె ముందంజ వేయలేదు. హిందీలో మాత్రం స్పష్టంగా ముందున్నారు. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో హిందీ లేదు గనుక అందులో వింతేమీ లేదు. తెలుగు, గణితాలకు ప్రైవేటు బడులు తక్కువ సమయం కేటాయించి కూడా సమాన ఫలితం తెచ్చాయి. పిల్లవానిపై అవి పెట్టే ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడవ వంతు కంటె తక్కువ. అందువల్ల ప్రైవేటు బడుల ఉత్పాదకత ఎక్కువని అధ్యయనకర్తలు నిర్ధారించారు.

ఈ నిర్ధారణ వద్దనే కొంత ఆగాలి. ప్రైవేటు ఉపాధ్యాయుని జీతం ప్రభుత్వ ఉపాధ్యాయుని జీతం కంటె చాలా తక్కువని ఆ అధ్యయనమే నమోదు చేసింది. అంటే ఆ పొదుపులో పెద్ద భాగం బోధనా పద్ధతిది కాదు, టీచరు కడుపు కట్టుకొన్నది. లెక్కలో అది ఉత్పాదకతే. ఆ పేరు వినగానే కలిగే గౌరవం మాత్రం దానికి చెల్లదు.

దరఖాస్తు చేయని ఇల్లు:

రెండవ పరిమితి జనాభాకు సంబంధించినది. లాటరీ తేల్చినది దరఖాస్తు చేసినవారి సంగతి. దరఖాస్తు చేయని పిల్లలకు ఈ పథకం వల్ల నష్టం కలగలేదని అధ్యయనం పరీక్షించి చెప్పింది. వారికే ఓచరు అందితే ఏమయ్యేదో చెప్పే అవకాశం ఆ పద్ధతిలో లేదు. కోట ప్రాంతంలో ఆ రెండవ కోవకు చెందేవారు ఎవరో ఊహించడం కష్టం కాదు. రొయ్యల గుంటల మీద కాపలాకు కుదిరి, గుంట ఎక్కడుంటే అక్కడే గుడిసె వేసుకొనే యానాది కుటుంబానికి దరఖాస్తు గడువు తెలియడమే గగనం. వలస పాలనలో నేరస్థ జాతుల చట్టం కింద నమోదైన సమూహమిది. ఆ ముద్రకు వ్యతిరేకంగా నెల్లూరుకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య జీవితకాలం శ్రమించారు. బడి పట్టికలో యానాది పిల్లవాడు, ఎరుకల పిల్లవాడు, సుగాలి పిల్లవాడు ‘ఎస్టీ’ అనే ఒకే గడిలో ఒదుగుతారు. ముగ్గురి ఇళ్ళకూ బడికీ మధ్య ఉన్న దూరాలు వేరు.

చిన్న బడిలో ఈ చిక్కు రెట్టింపవుతుంది. పన్నెండు మంది పరీక్ష రాసిన బడిలో ఒక్కరు తప్పితే శాతం 91.67కు, ముగ్గురు తప్పితే 75కు దిగుతుంది. నూటఇరవై మంది రాసిన బడిలో ఒక్కరు తప్పితే ఒక్క శాతం కూడా తగ్గదు. పైగా ఎవరూ తప్పకుండా చూసుకొనే సులువైన మార్గం బాగా చెప్పడం కాదు. తప్పేలా ఉన్నవారిని తొమ్మిదవ తరగతిలోనే వదిలించుకోవడం. రాష్ట్రంలో పదవ తరగతి ఉత్తీర్ణత 2022లో 67.26 శాతం, 2024లో 86.69 శాతం. రెండేళ్ళలో బడులు అంతగా మారిపోయాయని ఎవరూ నమ్మరు. అయినా రెండు చిన్న బడుల మధ్య అంతకంటె తక్కువ తేడాను చూసి పిల్లలను మార్చేస్తాం.

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడుల ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాలకు ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్‌లో అందులో ఎస్టీల వాటా 4 శాతం. ఈ సీట్లు నిండాయా అని లెక్కించడం సులభం. నిండిన సీటులోని పిల్లవాడు ఎంతకాలం నిలిచాడన్నదే లెక్కించవలసిన విషయం. ఆరవ తరగతిలో చేరిన యానాది పిల్లలలో ఎందరు పదవ తరగతి హాల్‌టికెట్టు అందుకొన్నారన్న ఒక్క వరుస కోట బడుల పట్టికలలో చేరితే, నూటికి నూరు వచ్చిన బడి, డెబ్భై దగ్గర ఆగిన బడి చోట్లు మార్చుకోవచ్చు.