మగ్గాల వీధిలో గిటారు

దొడ్డబళ్ళాపురం మరమగ్గాల వీధిలో మధ్యాహ్నం నిలబడితే పక్కవాళ్ళ మాట వినబడదు. గోడ అవతల నాడె అటూ ఇటూ కొట్టుకుంటూ ఉంటుంది. కాసేపు ఓపిక పడితే ఆ రొదలో ఒక నడక దొరుకుతుంది. అమెరికా పల్లెపాటగాళ్ళు ఇలాంటి నడకనే రైలు చప్పుడులోంచి పట్టుకున్నారు. తొలిరోజుల్లో డ్రమ్మరు లేని జానీ క్యాష్ గిటారు తీగల సందున మడతపెట్టిన కాగితం దోపి ఆ టకటకను రాబట్టాడు.

ఇలా ఊరి చప్పుడును, పాత పాటను కరెంటు గిటారుకు ఎక్కించిన సంగీతమే అమెరికానా రాక్. అందులో బాంజో ఆఫ్రికా బానిసల వెంట వచ్చింది. ఫిడేలు పాటలు ఐర్లండ్, స్కాట్లండ్ వలసజనం తెచ్చుకున్నవి. స్టీల్ గిటారు హవాయి దీవులది. 1968లో తొలి ఆల్బంతో ఈ బాణీకి దారి వేసిన ‘ది బ్యాండ్’లో ఐదుగురికి నలుగురు కెనడావాళ్ళే! ఎక్కడ పుట్టారన్నది కాదు, ఏ పాటను ఎంత శ్రద్ధగా విన్నారన్నదే లెక్క.

ఆ లెక్కన మనకు దగ్గరి చుట్టం బెంగళూరు జానపద రాక్ బృందం ‘స్వరాత్మ’. ఇక్కడికి నలభై కిలోమీటర్ల దూరంలో 2002లో మొదలైంది. వాసు దీక్షిత్ గొంతు, జిష్ణు దాస్‌గుప్తా బేస్, వరుణ్ మురళి గిటారు, సంజీవ్ నాయక్ వయొలిన్, మాంట్రీ మాన్యుయల్ డ్రమ్స్, పవన్ కుమార్ తాళవాద్యాలు కలిసి చాలాకాలం ఈ బృందానికి రూపమిచ్చాయి. వాసు నడుముకు బొమ్మగుర్రం కట్టుకుని వేదికెక్కితే మన జాతర్లలో కీలుగుర్రం ఆట గుర్తొస్తుంది. 2009 నాటి తొలి ఆల్బంలో ‘ప్యాసీ’ కావేరి నది గోడు. రాష్ట్రాలు నీళ్ళ కోసం కొట్లాడుకుంటుంటే నదే దాహంతో ఉందంటుంది.

వాసు అన్న రఘు దీక్షిత్‌ది ఇంకో దారి. 2008 ఆల్బం ‘అంతరగ్ని’లో ఆయన కన్నడ తత్త్వకవి శిశునాళ షరీఫు పదాన్ని గిటారు మీద పాడాడు. అందులో హుక్కా పీల్చడమే వేదాంతమైపోతుంది.

ఈ పాటల్లో పనితనం ఎక్కడుంది? మొదటిది, చోటివ్వడం. తత్త్వం పాడేవాడి తంబుర ఒకే శ్రుతి పట్టుకుని ఉంటుంది, మాటకు అడ్డు రాదు. బ్యాండులో ఆ పని బేస్‌ది. రెండోది, అందుకోవడం. భజనలో ఒకరు పల్లవి ఎత్తుకుంటే గుంపంతా అందుకున్నట్టు, ఇక్కడ గొంతు ఆపినచోట వయొలిన్ అందుకుంటుంది. మూడోది, జారుడు. మన స్వరం మెట్లమీద నిలవదు, జారుతుంది, ఊగుతుంది. పాలకొల్లు బిడ్డ మాండలిన్ శ్రీనివాస్‌కు ఈ చిక్కే ఎదురైంది. అమెరికా పల్లెపాటలో మోగే మాండలిన్‌కు తీగలు జంటలుగా ఉంటాయి. ఆయన జంటలు తీసేసి, ఒంటి తీగలు ఐదు బిగించి, కరెంటు తగిలించాడు. అప్పుడు గమకం పలికింది. వాద్యాన్ని మార్చాడు గానీ రాగాన్ని కుదించలేదు. రెండు సంప్రదాయాలు కలిపేవాళ్ళకు ఇంతకు మించిన పాఠం లేదు. డప్పు లూపు ఒకటి వేసి, పైన గిటారు వాయించేసి జానపదమంటే నేతగాడు ఒప్పుకోడు. పడుగు సరిగ్గా తోడకుండా పేక కొడితే బట్ట నిలవదని అతనికి తెలుసు.

ఈ ప్రాంతానికి తెలుగు పడుగు ఉంది. గాజులమ్ముకుని బతికి యోగి అయిన కైవారం తాతయ్య చింతామణి తాలూకాలో కూర్చుని తెలుగులోనూ కన్నడలోనూ తత్త్వాలు చెప్పాడు. భజన బృందాలు వాటిని ఇప్పటికీ పాడతాయి. షరీఫుకు దక్కిన గిటారు తాతయ్యకూ దక్కాలని నా ఆశ. అయితే ఆ పని తలకెత్తుకునే కుర్రాళ్ళకు ఒక్క మాట: ముందు ఆంప్లిఫయర్ కొనకండి. ఒక్క ఏడాది శనివారం భజనలో వెనక వరసలో కూర్చుని తాళం వేయండి.