తీరిక అనే అబద్ధం

ఒక ఎగ్జిబిషన్‌లో నేను అల్లిన టేబుల్ క్లాత్ ధర విని ఒకావిడ, ‘ఇంట్లో తీరిగ్గా అల్లుకున్నదే కదమ్మా, తగ్గించండి’ అంది. నోరెత్తకుండా తగ్గించాను. జీడిమెట్లలో మా వీధి నుంచి ఫ్యాక్టరీ షిఫ్టులకెళ్లే ఆడవాళ్లకి గంటల లెక్కుంది. నాకెందుకు లేదు? మరియా మీస్ 1982లో వెలువరించిన ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ చదివాకే జవాబు దొరికింది.

ఇంటి చాకిరీ మధ్య పశ్చిమగోదావరి స్త్రీలు గంటల తరబడి అల్లిన లేసు విదేశాలకెళ్లింది. ఎగుమతిదారులు మగవాళ్లు. అల్లినవాళ్లు మాత్రం ‘గృహిణులు’. అది పని కాదు, తీరిక వేళ కాలక్షేపమన్న భావనే కూలిని అంత తక్కువగా ఉంచిందంటుంది మీస్. గడప దాటకపోవడమే పరువనుకున్న పేద కాపు స్త్రీల కంటే పొలం పనికెళ్లిన దళిత స్త్రీల సంపాదనే ఎక్కువని ఆమె చూపిన చోట చాలాసేపు ఆగిపోయాను.

అయితే మీస్ చూపు దోపిడీ మీదే నిలిచింది. ఆ చేతుల నేర్పు, కొత్త డిజైను కుదిరినప్పటి సంతోషం నాకందులో తక్కువగా కనిపించాయి. మేం కూలి దక్కని శ్రామికులమే కాదు, కళాకారులం కూడా.

2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరికి పేరొచ్చింది, సరే. అల్లిన మనిషి పేరెక్కడ? ఇకనుంచి నా అల్లికకు కట్టే చీటీ మీద ధరతో పాటు పట్టిన గంటలూ, నా పేరూ రాస్తాను.