బళ్లారి వకీళ్ల నాటకం

ధర్మవరం రామకృష్ణమాచార్యులు ‘ఆంధ్ర నాటక పితామహుడు’. కోలాచలం శ్రీనివాసరావు ‘చారిత్రక నాటక పితామహుడు’. ఈ బిరుదులు చెప్పేశాక మన విమర్శకులు బాకీ తీరినట్టు ముందుకు వెళ్లిపోతారు. ఇద్దరూ బళ్లారి వకీళ్లన్న సంగతి జీవిత విశేషాల్లో ఒక వాక్యంగా మిగిలిపోతుంది. నా మటుకు నాకు ఆ వాక్యం దగ్గరే ఆగాలనిపిస్తుంది.

నిజాం 1800లో ఈ సీమను కుంఫిణీకి ధారపోశాడు. దత్త మండలాలన్న పేరు అలా వచ్చిందే. 1807 దాకా ఇక్కడ పెద్ద కలెక్టరుగా ఉన్న మన్రో పొలం పొలానికీ కొలతలు వేయించి, రైతుతోనే నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే రైత్వారీ పద్ధతిని స్థిరపరిచాడు. హక్కు కాగితానికెక్కింది. కాగితం ఉన్నచోట తగాదా, తగాదా ఉన్నచోట కోర్టు, కోర్టు ఉన్నచోట వకీలు. పక్కనే దండు. ఆ దండు పోయినా మా కంటోన్మెంట్ పేరు రైల్వే స్టేషను బోర్డు మీద ఇంకా ఉంది. సాక్షి తెలుగులోనో కన్నడంలోనో ఉర్దూలోనో చెబితే, పై తీర్పు ఇంగ్లీషులో వెలువడే ఊరు ఇది. ఎవరి మాట ఎవరు ఎలా రాసుకుంటున్నారో వకీలుకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

బళ్లారికి కలెక్టరుగా చేసిన రాబర్ట్ సూయల్ విజయనగర చరిత్రను 1900లో ప్రచురించి, ‘మరచిపోయిన సామ్రాజ్యం’ అని పేరు పెట్టాడు. పేయిష్, నూనిజ్ అనే పోర్చుగీసువారు పదహారో శతాబ్దంలో రాసిన వృత్తాంతాలను అందులో ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఆ మేలు కాదనలేం. కాని మరచిపోయిందెవరు? హంపి మనకు కూతవేటు దూరం. తుంగభద్ర ఒడ్డున ఆ కథలు చెప్పుకోని ఊరుందా? కలెక్టరు దస్తావేజులతో చెప్పిన చరిత్రను అదే ఊరి వకీలు శ్రీనివాసరావు రామరాజు కథగా రంగస్థలం మీదికి తెచ్చారు.

రామరాజు కథలోనే న్యాయశాస్త్రపు చిక్కు ఉంది. రాజు పేరు సదాశివరాయలది, అధికారం రామరాజుది. సింహాసనం ఒకరిదై, ఆజ్ఞ మరొకరిదైన రాజ్యం 1565లో యుద్ధభూమిలో కూలింది. పేరుకు నవాబులు, పెత్తనానికి కలెక్టర్లు అన్న కాలాన్ని ఎరిగిన ప్రేక్షకుడికి దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. ఇంకో విశేషం. హిందూ సామ్రాజ్యం కూలిన ఈ కథలో బళ్లారి రాఘవకు పేరు తెచ్చిన పాత్ర పఠాన్ రుస్తుం. రాఘవ కూడా వకీలే, పబ్లిక్ ప్రాసిక్యూటరుగా చేసినవారే. ఎదుటి పక్షానికి బలమైన వాదన ఇవ్వని నాటకం నిలవదని ఈ వకీళ్లకు తెలుసు. ఈ నాటకాలు పొడుగనీ, పాత్రలు మాట్లాడడం మాని వాదించుకుంటాయనీ ఆక్షేపించేవారున్నారు. పొడుగన్న మాట ఒప్పుకోవచ్చు. వాదించుకోవడం మాత్రం నా లెక్కలో వాటి ప్రాణం. ఈ కాలంలో చారిత్రక నాటకం పేరుతో వచ్చే ఏకపక్ష జయజయధ్వానాలు చూస్తే ఆ విలువ ఇంకా తెలిసొస్తుంది.

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రానికి వెళ్లాయి. బళ్లారి తాలూకా ఎవరిదన్నది తేల్చడానికి జస్టిస్ మిశ్రాను వేశారు. ఆయన నివేదికతో అది మైసూరుకు పోయింది. నేలకు సరిహద్దు గీయక తప్పదు. దానితో నాకు పేచీ లేదు. కాని ఆ గీతను మన సాహిత్య చరిత్రలు కూడా శిరసావహించాయి. నేను చదివినవాటిలో బళ్లారి అధ్యాయం 1946లో రాఘవ మరణంతో ముగుస్తుంది. అటు కన్నడ మిత్రులకు ఈ నాటకాలు ‘తెలుగువారి సంగతి’. కన్నడ రంగస్థలం మీద కూడా నటించిన రాఘవ పుట్టి పెరిగిన సంప్రదాయానికి ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది?

మన పిల్లలు బడిలో కన్నడం చదువుతున్నారు, చదవాలి కూడా. అందుకే నాదొక కోరిక. శ్రీనివాసరావు రామరాజు నాటకాన్ని కొంత కుదించి, కన్నడంలోకి తెచ్చి, రెండు భాషల్లోనూ ఇక్కడే ప్రదర్శించాలి. బిరుదులు ఆ తరువాత చదువుకోవచ్చు. ముందు వాది, ప్రతివాది ఇద్దరి మాటా వినిపించాలి.